ప్రతిపక్ష బెంచీ కూడా మనదే

(నెల్లిమర్లలో విద్యార్థులు, ఉద్యోగులు, జూట్ మిల్లు కార్మికులు కలిసి జరుపుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

చట్టసభల్లో గట్టిగా మాట్లాడే యువ ప్రతిపక్ష సభ్యుల గురించి చెప్పమని మిత్రులు మమ్మల్ని పిలిచారు. మేము పత్రికల వాళ్ళం. ఉద్యమంలో జెండా మోసిన వాళ్ళం. పగలు ధర్నాలో కూర్చుని, రాత్రి అదే ధర్నా వార్త రాసిన వాళ్ళం. కాబట్టి ఇది పండితుల ఉపన్యాసం కాదు. మనలో మనం మాట్లాడుకునే మాట.

ముందుగా ఒక ప్రశ్న. నెల్లిమర్ల నియోజకవర్గం ఎప్పుడు పుట్టింది? నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009 ఎన్నికల్లో. అంతకుముందు ఇక్కడ భోగాపురం, సతివాడ నియోజకవర్గాలుండేవి. 2009లో ఇక్కడ కాంగ్రెస్ గెలిచింది, రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది. 2014లో ఇక్కడ తెలుగుదేశం గెలిచింది, రాష్ట్రంలో తెలుగుదేశం ప్రభుత్వం వచ్చింది. 2019లో ఇక్కడ వైఎస్సార్ కాంగ్రెస్, అక్కడా అదే. 2024లో ఇక్కడ జనసేన, అక్కడ జనసేన భాగస్వామిగా ఉన్న కూటమి ప్రభుత్వం. నాలుగు ఎన్నికలు, నాలుగు సార్లూ మన ఎమ్మెల్యే అధికార పక్షంలోనే కూర్చున్నారు. నెల్లిమర్ల పేరు చెప్పి ప్రతిపక్ష బెంచీ మీంచి లేచి నిలబడిన మనిషి ఇంతవరకు లేడు.

పోనీ జిల్లా మొత్తం చూద్దాం. పాత విజయనగరం జిల్లాలో తొమ్మిది స్థానాలు. 2019లో తొమ్మిదికి తొమ్మిదీ అధికార పార్టీకే ఇచ్చాం. 2024లో తొమ్మిదికి తొమ్మిదీ తిప్పి, మళ్ళీ అధికారంలోకి వచ్చిన వాళ్ళకే ఇచ్చాం. మూడు ఉమ్మడి జిల్లాల ఉత్తరాంధ్రలో 34 స్థానాలుంటే, 2024లో ప్రతిపక్షం గెలిచినవి రెండే రెండు, అరకు, పాడేరు. ఆ రెండూ కొండ మీదివి. మైదానంలో ఒక్కటీ లేదు.

ఓటు ఎవరికి వేశారని మేము తప్పు పట్టడం లేదు. ప్రజలు కోపం వచ్చినప్పుడు దించుతారు, నమ్మకం కలిగినప్పుడు ఎక్కిస్తారు. అది వాళ్ళ హక్కు. మేము అడుగుతున్నది వేరే ప్రశ్న. మన ఎమ్మెల్యే ఎప్పుడూ అధికార పక్షంలోనే ఉన్నాడు గదా, మరి మనకు ఒరిగిందేమిటి?

"మనోల్ని మనమే నిలదీస్తామా?"

మా చదువు రోజుల్లో జరిగిన ముచ్చట ఒకటి చెబుతాం. ఒక ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది. జీతాల బకాయిలు, పీఎఫ్ డబ్బులు, అన్నీ నిలిచిపోయాయి. కార్మికులతో కలిసి మేము విద్యార్థులం ఒక వినతిపత్రం పట్టుకుని ఒక ఎమ్మెల్యే గారి ఇంటికి వెళ్ళాం. ఆయన పేరు ఇప్పుడు అనవసరం. కాగితం తీసుకున్నారు. టీ ఇప్పించారు. రేపు అసెంబ్లీలో ఈ మాట లేవనెత్తండి బాబూ అని అడిగాం. ఆయన నవ్వి, "మన ప్రభుత్వమే గదా! మనోల్ని మనమే నిలదీస్తే బాగుంటాదేటి?" అన్నారు.

బయటికి వచ్చాక ఒక ముసలి కార్మికుడు బీడీ ముట్టించుకుంటూ, "ఈ బాబు ఆ పక్కన కూకున్నా బాగుణ్ణు, నోరైనా ఇప్పేవోడు" అన్నాడు.

మిత్రులారా, మేము డిగ్రీలో రాజనీతి శాస్త్రం చదువుకున్నాం. కానీ ప్రతిపక్షం అంటే ఏమిటో మాకు అర్థమయ్యేట్టు చెప్పింది ఆ బీడీ తాత మాత్రమే. అధికార పక్షంలో ఉన్నవాడికి చెయ్యి ఉంటుంది, నోరు ఉండదు. ప్రతిపక్షంలో ఉన్నవాడికి చెయ్యి ఉండదు, నోరు ఉంటుంది. ప్రజలకు రెండూ కావాలి. చెయ్యి ఒక్కటే చాలనుకుంటే, ఆ చెయ్యి ఎటు పోతోందో అడిగేవాడు ఉండడు.

నెల్లిమర్లకు ఈ పాఠం కొత్త కాదు. ఈ ఊరికి లాకౌట్ అనే మాట తెలుసు. 1994లో జూట్ మిల్లు కార్మికుల మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయిన సంగతీ తెలుసు. రోడ్డు మీద గొంతెత్తడం ఈ ఊరికి ఎవరూ నేర్పక్కర్లేదు. మన లోటు మరో చోట ఉంది. రోడ్డు మీద ఎత్తిన గొంతును సభ లోపలికి మోసుకుపోయే మనిషి లేకుండా పోయాడు.

మన జిల్లాకు ఆ నోరు ఉండేది

ఒకప్పుడు లేదా అంటే, ఉండేది. 1952 తొలి సార్వత్రిక ఎన్నికలు గుర్తు చేసుకుందాం. స్వాతంత్య్రం తెచ్చిన పార్టీ కాంగ్రెస్. ప్రధాని నెహ్రూ. లోక్‌సభలో 489 స్థానాలకు ఎన్నికలు జరిగితే కాంగ్రెస్‌కు 364 వచ్చాయి. అంతటి గాలిలో కూడా విజయనగరం ప్రజలు ఏం చేశారు? కందాళ సుబ్రహ్మణ్యం అనే ముప్పై దాటీ దాటని సోషలిస్టు యువకుణ్ణి ఢిల్లీకి పంపారు. పక్కన శ్రీకాకుళం వాళ్ళు బొడ్డేపల్లి రాజగోపాలరావును స్వతంత్ర అభ్యర్థిగా గెలిపించారు. ఆయనా యువకుడే. తర్వాత ఆయన కాంగ్రెస్‌లోకి వెళ్ళారు, అది వేరే సంగతి. పార్లమెంటుకు 60 ఏళ్ళు నిండిన సందర్భంగా 2012లో తొలి లోక్‌సభ సభ్యుల్లో బతికున్న కొద్దిమందిని సన్మానించారు. ఆ కొద్దిమందిలో మన కందాళ వారొకరు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ఆ తొలి లోక్‌సభలో అధికారికంగా గుర్తింపు పొందిన ప్రతిపక్ష నాయకుడే లేడు. ఏ పార్టీకీ పదో వంతు సీట్లు రాలేదు. కాంగ్రెస్ తర్వాత పెద్ద పార్టీ కమ్యూనిస్టులది, వాళ్ళకు వచ్చినవి 16. లోక్‌సభలో తొలిసారి ఆ హోదా దక్కింది 1969లో. అంటే 17 ఏళ్ళ పాటు హోదా లేదు, కారు లేదు, కేబినెట్ ర్యాంకు లేదు. అయినా మాట్లాడారు. తెలుగువాడైన పుచ్చలపల్లి సుందరయ్య 1952లో రాజ్యసభకు వెళ్ళేనాటికి నలభై నిండలేదు. ఆయన పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్ళేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1984 ఎన్నికల తర్వాత లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షం మన తెలుగుదేశమే, 30 మంది. వాళ్ళకూ ఆ హోదా దక్కలేదు. హోదా లేదని ఇంట్లో కూర్చున్నారా? లేదు.

1978 సభ

మన ప్రాంతం నుంచి చెప్పుకోదగిన మరో కాలం 1978. ఆ యేడు ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 294 స్థానాలకు ఇందిరా కాంగ్రెస్‌కు 175, జనతా పార్టీకి 60, పాత కాంగ్రెస్‌కు 30 వచ్చాయి. ప్రతిపక్ష బెంచీల్లో పెద్దలున్నారు. సోంపేట నుంచి సర్దార్ గౌతు లచ్చన్న, గన్నవరం నుంచి సుందరయ్య. వాళ్ళతో పాటు కుర్రాళ్ళున్నారు. విజయనగరం నుంచి జనతా పార్టీ మీద గెలిచిన పూసపాటి అశోక్ గజపతిరాజుకు అప్పటికి 26 ఏళ్ళు. ఉదయగిరి నుంచి వెంకయ్యనాయుడుకు 28. కల్వకుర్తి నుంచి జైపాల్ రెడ్డికి 36. శాసనసభకు పోటీ చెయ్యాలంటే రాజ్యాంగం పెట్టిన కనీస వయసు 25. మన అశోక్ గజపతిరాజు ఆ గీత దాటీ దాటగానే సభలో అడుగు పెట్టారన్న మాట.

జైపాల్ రెడ్డి, వెంకయ్యనాయుడుల జంట ఆ సభలో ఎంతగా పేరు తెచ్చుకున్నదంటే, వాళ్ళను తిరుపతి వెంకట కవులతో పోల్చేవారు. ఒకరు తెలంగాణ, మరొకరు నెల్లూరు. ఒకరు ఎమర్జెన్సీని వ్యతిరేకించి కాంగ్రెస్‌ను వదిలి వచ్చిన వారు. మరొకరు 1972 జై ఆంధ్ర ఉద్యమంలో విద్యార్థి నాయకుడు. పోలియో వల్ల జైపాల్ రెడ్డి చేతికర్రల ఆసరాతో నడిచేవారు, కానీ సభలో ఆయన మాటకు ఏ ఆసరా అక్కర్లేదు. 2019 జూలైలో జైపాల్ రెడ్డి చనిపోయినప్పుడు రాజ్యసభ అధ్యక్ష స్థానంలో ఉన్న వెంకయ్యనాయుడు కన్నీళ్ళు పెట్టుకున్నారు. పొద్దున్నే ఫలహారం వేళకు కలుసుకుని ఆ రోజు సభలో ఏం మాట్లాడాలో చర్చించుకునే వాళ్ళమని గుర్తు చేసుకున్నారు.

తమ్ముళ్ళారా, ఈ ఫలహారం ముచ్చటను మీరు తేలిగ్గా తీసుకోవద్దు. గట్టిగా మాట్లాడ్డం అంటే గట్టిగా అరవడం కాదు. ముందు రోజు రాత్రి పద్దులు చదవాలి. ప్రభుత్వం ఇచ్చిన జవాబులో అంకెలు పోయినేడు ఇచ్చిన అంకెలతో సరిపోతున్నాయో లేదో చూడాలి. ఎవరు ముందు లేవాలి, ఎవరు అనుబంధ ప్రశ్న వెయ్యాలి, మంత్రి తప్పించుకుంటే ఎటు నుంచి పట్టుకోవాలి, ఇవన్నీ ముందే అనుకోవాలి. ఆ అయిదేళ్ళలో రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులు మారారు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. అధికార పక్షంలో కుర్చీలు మారుతూనే ఉన్నాయి. ప్రతిపక్షం మాత్రం తన బెంచీ వదలలేదు.

అదే సభలో మరో రకం యువకులూ ఉన్నారు. వైఎస్ రాజశేఖరరెడ్డి అప్పుడు అధికార పక్షం మీద కాదు, రెడ్డి కాంగ్రెస్ మీద గెలిచారు. తర్వాత ఇందిరా కాంగ్రెస్‌లోకి వెళ్ళి 1980లో మంత్రి అయ్యారు. ప్రతిపక్షంలో గెలిచిన యువకుడికి రెండు దారులుంటాయి. బెంచీ మీద నిలబడి పేరు తెచ్చుకోవడం ఒకటి, నడవా దాటి పదవి తెచ్చుకోవడం ఒకటి. మన దగ్గర రెండో దారి ఎక్కువ నలిగింది. 2014లో బొబ్బిలి ప్రజలు వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిని గెలిపించి ప్రతిపక్షంలో కూర్చోబెట్టారు. ఆయన 2016లో తెలుగుదేశంలోకి వెళ్ళి 2017లో మంత్రి అయ్యారు. ఆ సభా కాలంలో అలా వెళ్ళినవాళ్ళు 23 మంది. ప్రజలు ఒక బెంచీకి పంపిస్తే, వాళ్ళు ఇంకో బెంచీకి వెళ్ళి కూర్చున్నారు.

గట్టు దాటిన తర్వాత

మనం నిజంగా చర్చించాల్సిన విషయం ఇదే. ప్రతిపక్షంలో పదునుగా ఉన్న నాలుక, అధికారంలోకి రాగానే ఎందుకు మొద్దుబారుతుంది?

2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో విభజన బిల్లు మీద చర్చ. ప్రతిపక్షంలో ఉన్న వెంకయ్యనాయుడు ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా పదేళ్ళు కావాలని పట్టుబట్టారు. ప్రధాని మన్మోహన్ సింగ్ అయిదేళ్ళు అన్నారు. నాలుగు నెలలు తిరక్కుండానే వెంకయ్యనాయుడు కేంద్ర మంత్రి అయ్యారు. 2016 సెప్టెంబరులో కేంద్రం హోదాకు బదులు ప్యాకేజీ అన్నది. పదేళ్ళూ పోయాయి, అయిదేళ్ళూ పోయాయి.

ఇక్కడ కూర్చున్న ఉద్యోగ మిత్రులకు ఇంకా దగ్గరి ఉదాహరణ చెబుతాం. 2004 సెప్టెంబరు తర్వాత చేరిన ఉద్యోగులకు పాత పింఛను పోయి సీపీఎస్ వచ్చింది. ప్రతిపక్షంలో ఉన్న జగన్మోహనరెడ్డి అధికారంలోకి వస్తే వారం రోజుల్లో రద్దు చేస్తామన్నారు. 2019లో అధికారం వచ్చింది. 2023లో సభ ముందుకు వచ్చింది సీపీఎస్ రద్దు కాదు, జీపీఎస్ అనే కొత్త పేరు. వారం నాలుగేళ్ళయింది.

మన జిల్లా సంగతి చూద్దాం. కురుపాం నుంచి 2014లో పాముల పుష్పశ్రీవాణి గెలిచారు. గిరిజన ఆడబిడ్డ, టీచరుగా పనిచేసిన మనిషి, ముప్పై నిండకుండానే ప్రతిపక్ష ఎమ్మెల్యే. పార్టీ మారమంటే మారిపోయే కాలంలో ఆమె మారలేదు. అందుకు ఆమెను మెచ్చుకోవాలి. 2019లో ఉప ముఖ్యమంత్రి అయ్యారు. 2024లో ఓడిపోయారు. ఆ మధ్య అయిదేళ్ళలో మన్యం నుంచి అధికార పక్షాన్ని నిలదీసే నోరు సభలో మిగిలిందా? లేదు. ఆమె గట్టు దాటితే ఆమె వదిలిన బెంచీ మీద కూర్చోవడానికి మన జిల్లా నుంచి మరొకరు లేరు.

శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు సంగతి మీ అందరికీ తెలుసు. ఆయన తండ్రి ఎర్రన్నాయుడు 1983లో చిన్న వయసులోనే ఎమ్మెల్యే. 2012లో తండ్రి రోడ్డు ప్రమాదంలో చనిపోతే, కొడుకు 26 ఏళ్ళకే 2014లో లోక్‌సభకు వెళ్ళాడు. మొదటి నాలుగేళ్ళు తెలుగుదేశం కేంద్ర ప్రభుత్వంలో భాగస్వామి. 2018 మార్చిలో బయటికి వచ్చింది. ఆ యేడు జూలై 20న మోదీ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం చర్చకు వచ్చింది. తీర్మానానికి అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325 ఓట్లు వచ్చాయి. ఓడిపోయింది. కానీ ఓడిపోయిన ఆ తీర్మానం వల్ల హోదా, రైల్వే జోన్, వెనకబడిన జిల్లాల నిధులు అనే మాటలు దేశమంతా విన్నది. ఆ రోజు మాట్లాడిన వాళ్ళలో ఈ సిక్కోలు కుర్రాడొకడు. తెలుగువాడి గోడు హిందీ వాళ్ళకు హిందీలోనే చెప్పగల నేర్పు అతనిది.

వెనకబడిన జిల్లాల నిధులు అంటే ఏమిటో మీకు చెప్పాలి, ఎందుకంటే అందులో విజయనగరమూ ఉంది. విభజన చట్టం మాట ప్రకారం రాయలసీమ, ఉత్తరాంధ్రల్లోని ఏడు జిల్లాలకు జిల్లాకు యేటా 50 కోట్లు. మూడేళ్ళు ఇచ్చారు. 2018 ఫిబ్రవరిలో 350 కోట్లు రాష్ట్రం ఖాతాలో వేసి, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. ఇంట్లో పెట్టిన కంచం లాగేసుకున్నట్టు! ఢిల్లీలో అడిగేవాడు లేకపోతే ఈ సంగతి మన ఊరి దాకా వచ్చేదా? రైల్వే జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరి 27న వచ్చింది. శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. ప్రకటనకూ పునాదికీ మధ్య ఆరేళ్ళు.

2019లో తెలుగుదేశం ముగ్గురు ఎంపీలకు పడిపోయినా రామ్మోహన్ నాయుడు 6,653 ఓట్ల మెజారిటీతో నిలబడ్డారు. 2024 జూన్‌లో కేంద్ర పౌర విమానయాన మంత్రి అయ్యారు. చిత్రమేమంటే 2014 నుంచి 2018 దాకా అదే శాఖ చూసింది మన అశోక్ గజపతిరాజు. ప్రతిపక్ష బెంచీ మీద పేరు తెచ్చుకున్న ఇద్దరు ఉత్తరాంధ్ర వాళ్ళకు ఒకే శాఖ. ఆ శాఖ కింద కడుతున్న భోగాపురం విమానాశ్రయం ఉన్నది మన నెల్లిమర్ల నియోజకవర్గంలోనే.

మంచిదే. విమానాశ్రయం రావాలి. మేము వద్దనడం లేదు. కానీ భూములిచ్చిన రైతుకు, ఊరు ఖాళీ చేసిన కుటుంబానికి, అందులో ఉద్యోగం వస్తుందని ఎదురు చూస్తున్న కుర్రాడికి అనుమానం వస్తే, వాళ్ళ పక్షాన సభలో లేచేది ఎవరు? ఎమ్మెల్యే అధికార పక్షం. కేంద్ర మంత్రి అధికార పక్షం. అందరూ మనవాళ్ళే. అందరూ మనవాళ్ళే అయినప్పుడు అడిగేవాడు ఎవడు?

మూడు సభలు, ఒకే ఖాళీ

ఉన్న ప్రతిపక్షమైనా సభకు వెళ్తున్నదా? 2017 చివరలో ఫిరాయింపుల మీద చర్య తీసుకోలేదని వైఎస్సార్ కాంగ్రెస్ అసెంబ్లీని బహిష్కరించింది. ఎన్నికల దాకా వెళ్ళలేదు. 2021 నవంబరు 19న అవమానం జరిగిందని ప్రతిపక్ష నేత చంద్రబాబునాయుడు బయటికి వచ్చి, ముఖ్యమంత్రిగానే మళ్ళీ వస్తానన్నారు. ఆయన పార్టీ సభ్యులు మిగతావాళ్ళు వెళ్ళారు గానీ, నాయకుడి కుర్చీ ఖాళీ. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 175లో 11 వచ్చాయి. పదో వంతు లేవని హోదా ఇవ్వలేదు. హోదా ఇవ్వందే రామన్నారు.

మూడు సభలు. మూడు సార్లూ కారణాలున్నాయి. ఫిరాయింపులు తప్పే. అవమానించడం తప్పే. మైకు ఇవ్వకపోవడం తప్పే. ఏ పాలక పక్షమూ ఇందులో శుద్ధపూస కాదు. కానీ మిల్లులో సూపర్‌వైజరు తిట్టాడని కార్మికుడు మూడేళ్ళు డ్యూటీకి వెళ్ళకపోతే జీతం ఇస్తారా? ఎమ్మెల్యే డ్యూటీ మాట్లాడ్డం. 16 మందితో నెహ్రూను అడిగినవాళ్ళు ఉన్న దేశంలో, 11 మందితో అడగలేమంటే ఎట్లా?

దాని నష్టం ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ. అసెంబ్లీలో ప్రజాపద్దుల కమిటీ అని ఉంటుంది. ప్రభుత్వం ఖర్చు పెట్టిన ప్రతి రూపాయి మీద కాగ్ ఇచ్చే నివేదికను పట్టుకుని అధికారులను పిలిచి అడిగే కమిటీ. దానికి ప్రతిపక్షం వాడు అధ్యక్షుడుగా ఉండడం ఆనవాయితీ. 2024 నవంబరులో ఆ ఎన్నికను ప్రతిపక్షం బహిష్కరించింది, అధ్యక్ష పదవి కూటమిలోని జనసేన ఎమ్మెల్యేకు వెళ్ళింది. అంటే లెక్క రాసేవాడూ వాళ్ళే, లెక్క చూసేవాడూ వాళ్ళే. ఇందులో తప్పు ఎవరిదని వాళ్ళు వాదించుకుంటారు. నష్టం మాత్రం మనది.

ఇంకో ముచ్చట. 2019 నుంచి స్పీకర్ కుర్చీ ఉత్తరాంధ్రకే దక్కింది. ఆముదాలవలస నుంచి తమ్మినేని సీతారాం, ఆ తర్వాత నర్సీపట్నం నుంచి అయ్యన్నపాత్రుడు. శాసన మండలిలో ప్రతిపక్ష నాయకత్వం 2024లో మన జిల్లా బొత్స సత్యనారాయణకు వచ్చింది. మాట్లాడేందుకు అవకాశం ఇచ్చే కుర్చీ మనకుంది. పెద్దల సభలో అడిగే కుర్చీ మనకుంది. ప్రజలు నేరుగా ఎన్నుకున్న సభలో మాత్రం జిల్లాకు అడిగే నోరు లేదు.

బస్సులో పడిపోయిన మనిషి కోసం

బయటి దేశాల సంగతి ఒకటి చెబుతాం. స్కాట్లాండ్ ప్రత్యేక దేశం కావాలనే పార్టీ తరఫున మైరీ బ్లాక్ అనే అమ్మాయి 2015లో 20 ఏళ్ళకే బ్రిటన్ పార్లమెంటుకు వెళ్ళింది. మొదటి ప్రసంగంలో తమ జెండా గురించే మాట్లాడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె తన నియోజకవర్గంలోని ఒక నిరుద్యోగి గురించి మాట్లాడింది. తిండి లేక, ఉన్న డబ్బులు బస్సు చార్జీకి దాచుకుని, ఉపాధి కార్యాలయానికి పోతూ దారిలోనే సొమ్మసిల్లాడు. ఆలస్యంగా వచ్చావని అతని భృతి కోసేశారు. ఆ ప్రసంగాన్ని లక్షల మంది విన్నారు.

ప్రత్యేక రాష్ట్రం కోరుకునే మిత్రులకు ఇందులో పాఠం ఉంది. రాష్ట్రాన్ని ఇచ్చేది పార్లమెంటు. 2014 జనవరి 30న మన అసెంబ్లీ బిల్లును తిరస్కరించినా, ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. ఆ నెల 13న లోక్‌సభలో ఒక ఎంపీ మిరియాల స్ప్రే కొడితే ప్రపంచమంతా చూసింది. 18న బిల్లు గట్టెక్కినప్పుడు ప్రత్యక్ష ప్రసారమే ఆగిపోయింది. అరిచినవాళ్ళ మాట ఎవరికీ గుర్తు లేదు. ఆకలి మనిషి పేరు చెప్పి మాట్లాడినవాళ్ళ మాట మిగులుతుంది. జెండా రంగు ఏదైనా, సభలో మన జనం బతుకు చెప్పలేనివాడు మనకు రాష్ట్రమూ తేలేడు, ఫ్యాక్టరీ గేటూ తెరిపించలేడు.

ఏం చేద్దాం?

కొంతమంది అడుగుతారు, ఫిరాయింపుల చట్టం ఉంది గదా, విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది గదా, అధికార పక్షం ఎమ్మెల్యే ఎలా అడుగుతాడని. 1985లో వచ్చిన ఆ చట్టంలో విప్ సంగతి ఓటింగుకు సంబంధించింది. ప్రశ్న వెయ్యడానికి విప్ అడ్డం రాదు. ప్రశ్నోత్తరాల సమయం అందరిదీ. జీరో అవర్ అందరిదీ. పైగా రాజ్యాంగం 194వ అధికరణ ప్రకారం సభలో మాట్లాడిన మాట మీద ఏ కోర్టులోనూ కేసు ఉండదు. అంత రక్షణ ఈ దేశంలో మామూలు మనిషికి లేదు. ఆ రక్షణ ఉన్నవాడు నోరు తెరవకపోతే, అది చట్టం తప్పు కాదు.

కాబట్టి మిత్రులారా, మూడు పనులు చేద్దాం.

ఒకటి. విద్యార్థులు ఒక నోటుబుక్కు పెట్టండి. మన ఎమ్మెల్యే, మన ఎంపీ సమావేశాలకు ఎన్ని రోజులు వెళ్ళారు, ఎన్ని ప్రశ్నలు వేశారు, అందులో నెల్లిమర్ల, డెంకాడ, పూసపాటిరేగ, భోగాపురం పేర్లు ఎన్నిసార్లు వచ్చాయి, రాయండి. సంక్రాంతికీ, ఉగాదికీ ఆ లెక్క ఊరి గోడ మీద అతికించండి.

రెండు. ఉద్యోగులకు ఫైళ్ళు తెలుసు, జీవోలు తెలుసు. ఏ ప్రశ్న వేస్తే మంత్రి తప్పించుకోలేడో మీకే తెలుసు. ఆ ప్రశ్నలు రాసి ఇవ్వండి. అధికార పక్షానికీ ఇవ్వండి, ప్రతిపక్షానికీ ఇవ్వండి. ఎవరు అడిగితే వాళ్ళను మెచ్చుకోండి. ఎవరు జేబులో పెట్టుకుంటే వాళ్ళను అడగండి.

మూడు. ఓటు అడగడానికి వచ్చిన యువకుడు "మేమే అధికారంలోకి వస్తాం, పనులు చేస్తాం" అంటాడు. "ఒకవేళ మీరు ఓడి ప్రతిపక్షంలో కూర్చుంటే ఏం చేస్తావు బాబూ?" అని అడగండి. ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పినవాడే ప్రజాప్రతినిధి. తడుముకున్నవాడు పదవికి అభ్యర్థి.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మనం అడగడం మానేసి, పెట్టేవాడి పక్కన కూర్చుంటే చాలనుకున్నాం. నాలుగు ఎన్నికలు పక్కనే కూర్చున్నాం. కంచం ఎంత నిండిందో మీకే తెలుసు.

ఆ బీడీ తాత ఇప్పుడు లేడు. ఆయన కోరింది పెద్ద కోరికేమీ కాదు. ఊళ్ళో తాము పడ్డ బాధను సభలో పలికే ఒక్క నోరు. అది అధికార బెంచీ మీంచి వస్తే సంతోషం. రాకపోతే, ప్రతిపక్ష బెంచీ కూడా మనదే. అక్కడికి మన బిడ్డను పంపడం ఓటమి అనుకోవద్దు. 1952లో విజయనగరం అనుకోలేదు. 1978లోనూ అనుకోలేదు.